వరస పోయిన పాటలకు ఒక గొంతు

పద్యాన్ని తేలికైన వరసలో పాడేస్తే దాని గాంభీర్యం చెడిపోతుందని వాదించే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. వారితో తగువు వచ్చినప్పుడల్లా ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' ఉదాహరణగా చూపడం నా అలవాటు. అదే ఉదాహరణను నా మీదికి తిప్పికొట్టడం వారి అలవాటు. "కరుణశ్రీ పద్యం ఇప్పుడెవరికైనా ఘంటసాల గొంతు లేకుండా వినబడుతోందా?" అంటారు. నిజమే, వినబడదు. ఇంటి తగువు ఇంట్లో తేలేలా లేదు కనుక ఈసారి సాక్ష్యం కొంచెం దూరం నుంచి తెచ్చుకున్నాను.

1983 ఫిబ్రవరిలో హాంకాంగులో పాలీగ్రామ్ సంస్థ ఒక మాండరిన్ పాప్ ఆల్బం విడుదల చేసింది. పేరు 'దాన్‌దాన్ యౌచింగ్'. 'లేలేత మనోగతం' అనుకోవచ్చు. పాడినావిడ తైవాన్ గాయని డెంగ్ లీజున్. చైనా భాషలు తెలియని లోకానికి ఆమె టెరెసా టెంగ్. ఇందులో పన్నెండు పాటలున్నాయి గాని ఆ కాలపు గీత రచయిత ఒక్కరూ లేరు. ఆల్బం వచ్చేనాటికి ఆ కవులందరూ పోయి ఏడు వందల డెబ్భై ఏళ్ళు దాటింది. రాజ్యం పోగొట్టుకున్న రాజు లీ యూవి మూడు, ఔయాంగ్ షియూ పేరున ఉన్నవి రెండు, సూ షీ, ల్యూ యోంగ్, ఫాన్ జోంగ్యాన్, చిన్ గ్వాన్, షిన్ చీజీ, లీ జీయి, న్యే షంగ్‌చ్యోంగ్‌లవి ఒక్కొక్కటి. పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం మొదటిదాకా చైనాలో వెలిగిన 'త్సి' అనే ప్రక్రియలోని కవితలివి. చైనీయులు బళ్ళో కంఠస్థం చేసే కవుల పేర్లే ఇందులో చాలావరకు ఉన్నాయి.

పాడిన మనిషికి పండితురాలిగా పేరేమీ లేదు. 1953లో తైవాన్‌లోని యున్‌లిన్ జిల్లాలో పుట్టింది. తండ్రి హెబే ప్రాంతపువాడు, జాతీయవాద సేనలో సైనికుడు. ఆ సేన ఓడి తైవాన్ చేరినప్పుడు తానూ చేరాడు. తల్లిది షాన్‌డోంగ్. ఈమె చదువు మధ్యలో మానేసి పదిహేనేళ్ళు నిండకముందే రికార్డులకు పాడటం మొదలుపెట్టింది. 1977లో పాడిన 'చందమామే నా మనసుకు ప్రతినిధి' అనే పాట (1973లో మరొక గాయని మొదట పాడినదే) చైనీయులున్న ప్రతి ఊరికీ వెళ్ళింది. గొంతు చెవి దగ్గర చెప్పినట్టుంటుంది. పై స్థాయికి వెళ్ళినా అరుపు ఉండదు. మాట చివర చిన్న వణుకు ఉంటుంది, అది ఏడుపుదాకా పోదు. ఇటువంటి గొంతు ప్రేమపాటలకు సరిపోతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. వెయ్యేళ్ళ కవిత్వానికి సరిపోతుందా అన్నదే ప్రశ్న.

పాప్ సంగీతానికి సాహిత్య గౌరవం తెచ్చిపెట్టిన ఆల్బమని దీన్ని మెచ్చుకుంటూ ఉంటారు. ఆ మెప్పులోనే నాకొక చిన్నచూపు కనిపిస్తుంది. కవిత్వం పైమెట్టు మీద ఉన్నట్టూ, అది దయతలచి దిగివచ్చి పాటను చేయి పట్టుకుని పైకి లాగినట్టూ ఆ మాట వినిపిస్తుంది. జరిగింది వేరని నా అభిప్రాయం. ఆ కవితలు పుట్టిందే ఇటువంటి గొంతుల్లో. పుస్తకాల్లో అవి చాలాకాలం పరాయి ఇంట ఉన్నాయి.

త్సి అనేది కంటితో చదువుకోవడానికి పుట్టిన కవిత్వం కాదు. ముందు వరస ఉండేది, కవి దానిలోకి మాటలు నింపేవాడు. 'నింపడం' అనేదే చైనా భాషలో వాడుక. మన పాత నాటకాల పుస్తకాల్లో పాట నెత్తిన 'ఫలానా పాట మట్టు' అని అచ్చువేసేవారు చూడండి, ఇంచుమించు అదే పద్ధతి. ప్రతి వరసకూ ఒక పేరుండేది. ఆ వరసలో ఏ పాదానికి ఎన్ని అక్షరాలు, ఏ చోట ఏ జాతి స్వరమున్న పదం పడాలి, అంత్యప్రాస ఎక్కడ రావాలి అన్నవి కట్టుదిట్టంగా ఉండేవి. లీ యూ వాడిన ఒక వరసలో మొత్తం ముప్పై ఆరు అక్షరాలే. సూ షీ వాడిన 'ష్వేద్యావ్ గతోవ్' అనే వరసలో తొంభై ఐదు. కాలక్రమాన వరసలు పోయి వాటి పేర్లూ కొలతలూ మాత్రం మిగిలాయి. జ్యాంగ్ క్వే అనే సోంగ్ కాలపు కవి తన త్సిలలో పదిహేడింటికి స్వరలిపి రాసి పెట్టుకోబట్టి ఆ మాత్రమైనా దక్కింది. తక్కిన కవులు వేల కవితలకు వరస పేరు రాసి ఊరుకున్నారు. అందరికీ తెలిసిన వరసకు స్వరం రాసేవాడెవడు!

వరస పోయాక కొలత ఒక ఛందస్సుగా మారిపోయింది. దానిలో ఎవరైనా ఏదైనా రాయవచ్చు. 1076లో శరత్పున్నమి నాటి రాత్రి సూ షీ దూరాన ఉన్న తమ్ముణ్ణి తలచుకుంటూ చందమామ మీద రాసిన కవితదీ, 1956లో మావో యాంగ్‌ట్సీ నదిలో ఈత మీద రాసిన కవితదీ ఒకటే కొలత. పైన పేరు కూడా ఒకటే. కాని ఆ పేరు ఒకప్పుడు ఏ రాగాన్ని సూచించిందో మావో చెవికి తెలియదు, మనకూ తెలియదు.

ఆ వరసలను ఎవరు పాడేవారన్నది ఇంకా ముఖ్యం. విందుల్లో, పానశాలల్లో, గణికల ఇళ్ళలో వృత్తిగా పాడుకునే ఆడవాళ్ళు పాడేవారు. ల్యూ యోంగ్ బతుకంతా వాళ్ళ మధ్యే గడిచింది. అతని పాటలు బావి ఉన్న ప్రతిచోటా వినిపించేవని ఆ కాలపువారే రాసి పెట్టారు. ఒక కథ ఉంది. సూ షీ తన కొలువులో బాగా పాడగలిగే ఒకాయనను, నా త్సిలకూ ల్యూ యోంగ్ త్సిలకూ తేడా ఏమిటని అడిగాడట. ల్యూ యోంగ్‌వి పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్ల దంతపు చిడతలు పట్టుకుని పాడవలసినవనీ, తమవి మాత్రం పడమటి సీమ నుంచి వచ్చిన భారీ మనిషి ఇనుప చిడతలు వాయిస్తూ పాడవలసినవనీ ఆయన జవాబు చెప్పాడట. సూ షీ పగలబడి నవ్వాడంటారు. పొగడ్తా ఎత్తిపొడుపా అన్నది ఈనాటికీ తేలలేదు. ఒక్కటి మాత్రం తేలింది: త్సి అంటే ఆ కాలపువారి చెవిలో మెదిలే గొంతు పడుచుపిల్ల గొంతే.

మరి 1983లో పాలీగ్రామ్ వారు చేసిన అపచారం ఏమిటి? వృత్తి గాయని చేతికి వృత్తి గాయనుల పాట ఇవ్వడమేనా?

ఈ మాట నేను కొంచెం కోపంగా అనడానికి కారణముంది. ఆ రోజుల్లో చైనా ప్రధాన భూభాగంలో ఆమె పాటలకు పెట్టిన పేరు 'మీమీ జ యిన్', అంటే మనిషిని మెత్తబరచి చెడగొట్టే నాదం. చాలా పాత తిట్టు అది. రాత్రివేళ నది ఒడ్డున ఒక రాజు వినివచ్చిన వీణా నాదాన్ని మరొక కొలువులో వాయిస్తుండగా, అంధుడైన సంగీత విద్వాంసుడు అడ్డుకుని, ఇది రాజ్యం పోగొట్టిన సంగీతమని హెచ్చరించిన కథ హాన్ ఫెయ్‌ గ్రంథంలోనే ఉంది. 1982లో బీజింగులో ప్రజా సంగీత ప్రచురణాలయం 'పసుపు పాటలను గుర్తించడం ఎలా' అనే అర్థం వచ్చే ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. అక్కడ బూతుకు రంగు పసుపు. మరుసటి ఏడు, అంటే ఈ ఆల్బం వచ్చిన ఏడే, శరత్కాలంలో 'ఆధ్యాత్మిక కాలుష్యం' మీద ప్రభుత్వం ఉద్యమం నడిపింది. జనం మాత్రం ఆమె క్యాసెట్లను నకళ్ళ మీద నకళ్ళు తీసుకుని వింటూనే ఉన్నారు. పగలు పెద్ద డెంగ్ చెప్పింది వింటాం, రాత్రి చిన్న డెంగ్ పాడింది వింటాం అని ఒక చమత్కారం కూడా పుట్టింది. పెద్ద డెంగ్ అంటే డెంగ్ షియావ్‌పింగ్.

చిత్రమేమంటే, ఇదే నింద త్సి ప్రక్రియ కూడా ఒకప్పుడు మోసినదే. మగవాడి గంభీరమైన ఆలోచనకు 'షి' అనే కవిత్వం, పానశాలలో పొద్దుపుచ్చడానికి త్సి అని అప్పట్లో విభజన. పరీక్షలు రాసి పదవులెక్కిన పెద్దమనుషులు త్సిలు రాసినా వాటిని తమ రచనల్లో చివర ఎక్కడో చేర్చేవారు. ఆల్బంలో 'సందెవేళ దాటాక కలుసుకుందామని' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పాట ఉంది. మూలం ఔయాంగ్ షియూదో, జూ షూజెన్ అనే కవయిత్రిదో తేలని కవిత. అది ఆడదాని రచన అయ్యే పక్షంలో కులస్త్రీ రాయదగినదా అని మింగ్ కాలపు పండితుడొకడు ముఖం చిట్లించాడు. మగవాడి రచన అయితే అభ్యంతరం లేదు కాబోలు! ముద్దుపళని 'రాధికాసాంత్వనము' విషయంలో మన పెద్దలు వేసుకున్న ప్రశ్న కూడా ఇదే కదా.

ఆల్బంలో మొదటి పాట లీ యూ కవిత. దక్షిణ తాంగ్ రాజ్యానికి చివరి ఏలిక అతను. 975లో రాజధాని, అంటే నేటి నాన్‌జింగ్, సోంగ్ సేనల వశమైంది. అతన్ని బందీగా కైఫెంగ్ తీసుకుపోయారు. 978లో నలభై రెండో ఏట పోయాడు. చక్రవర్తి విషం పెట్టించాడని పరంపర చెబుతుంది. పుట్టినరోజు నాడు తన ఇంటి గాయనుల చేత పాడించుకున్న పాటలో పోయిన రాజ్యం మీది బెంగ వినిపించడమే నేరమయిందంటారు. ఆ పాట కూడా ఈ ఆల్బంలో మూడోదిగా ఉంది. వినబడినందుకే ప్రాణం తీసిన పాట అన్నమాట!

మొదటి పాట ఎత్తుగడలో వాద్యాలేవీ లేవు. గొంతు ఒక్కటే. ఒంటరిగా మేడ ఎక్కిన మనిషి, కింద మూసి ఉన్న పెరడు, కాలం శరత్తు. ఇంతే కవిత. చెప్పుకోవడానికి తోడు లేని మనిషి గురించిన పాటను తోడు లేని గొంతుతో మొదలుపెట్టాలని తోచిన వారికి కవిత అర్థమయిందని నేను ఒప్పుకుంటాను. వరస కట్టినది ల్యూ జియాచాంగ్. తరువాత తంత్రీవాద్యాలు వచ్చి చేరుతాయి. ముప్పై ఆరు అక్షరాలతో ఒక రికార్డు పాట నిండదు గనుక తిరిగి పాడవలసి వస్తుంది. రెండోసారి వచ్చిన అవే మాటలు వాద్యాల నడుమ కొంచెం సుఖంగా వినిపిస్తాయి. నాకు మొదటిసారి పాడిందే ఇష్టం.

ఈ పాట ఆమె గొంతులో ఎందుకంత నమ్మకంగా పలికిందో ఆలోచిస్తే ఆమె పుట్టిన ఇల్లు గుర్తుకు వస్తుంది. తైవాన్‌లో సైనిక కుటుంబాల పేటలన్నీ సముద్రానికి ఆవలి ఊళ్ళను తలచుకుంటూ బతికినవే. తండ్రి హెబే ఊసు, తల్లి షాన్‌డోంగ్ ఊసు వింటూ పెరిగిన పిల్ల ఆ ఊళ్ళేవీ చూడలేదు. 1989 మే 27న హాంకాంగు హ్యాపీ వ్యాలీ మైదానంలో, బీజింగు విద్యార్థులకు మద్దతుగా జరిగిన సభలో ఆమె పాడిన పాట పేరుకు 'నా ఇల్లు కొండకు ఆవలి వైపు' అని అర్థం. వారం తిరిగేసరికి తియానన్‌మెన్‌లో జరిగింది జరిగింది. ప్రధాన భూభాగంలో ఒక్క కచేరీ కూడా చేయకుండానే 1995 మే 8న థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో ఉబ్బసంతో కన్నుమూసింది. లీ యూ పోయిన వయసే, నలభై రెండు. రాజుగారి బాధా సిపాయి కూతురి బాధా ఒకటి కావని నాకు తెలుసు. అయినా ఆ కవితలో రాజరికం ఎక్కడా లేదు. పోయినచోటు ఒకటే ఉంది.

ఆల్బంలో రెండో పాట సూ షీ చందమామ కవిత. దీనికి వరస కట్టిన లియాంగ్ హుంగ్‌చీకి అప్పుడు పాతికేళ్ళు. తైవాన్ కాలేజీ కుర్రాళ్ళు గిటారు పట్టుకుని సొంత పాటలు కట్టుకున్న ఉద్యమం నుంచి వచ్చినవాడు. 1975లో తైపేలో యాంగ్ షియెన్ అనే యువకుడు యూ గ్వాంగ్‌జోంగ్ ఆధునిక కవితలకు వరసలు కట్టి పాడటంతో ఆ ఉద్యమానికి ఊపు వచ్చింది. కవితకు వరస కట్టడం ఆ తరం కుర్రాళ్ళకు సాహసమేమీ కాదు, చెయ్యి తిరిగిన పని.

ఇక్కడొక సరదా ఉంది. సోంగ్ కాలపు మహా కవయిత్రి లీ చింగ్‌జావ్ త్సి గురించి రాసిన వ్యాసంలో సూ షీని గట్టిగానే తప్పుపట్టింది. ఆయనవి పాదాలు హెచ్చుతగ్గులుగా విరిచిన షి కవితలే తప్ప వరసకు ఒదిగే త్సిలు కావని ఆమె ఫిర్యాదు. తొమ్మిది వందల ఏళ్ళ తరువాత మొత్తం ఆల్బంలో జనం నోట మిగిలిన పాట ఏదంటే, పాటకు పనికిరాదన్న ఆ సూ షీదే. 1995లో ఫే వాంగ్ డెంగ్ పాటలతో ఒక ఆల్బం చేసినప్పుడు దీన్ని మళ్ళీ పాడింది. ఆ ఆల్బం పేరులో పాత తిట్టు 'మీమీ జ యిన్'నే తీసుకుని, ముందు తన పేరులోని అక్షరం తగిలించి ఉల్టా చేసింది. బీజింగులో పుట్టిన పిల్ల, బీజింగు పెట్టిన తిట్టుపేరును టోపీలా పెట్టుకోవడం నాకు భలే నచ్చింది. ఇవాళ శరత్పున్నమి పండుగకు ఈ పాట లేని వేదిక ఉండదు.

మిత్రులు ఇక్కడే నన్ను పట్టుకుంటారని తెలుసు. లియాంగ్ వరస లేకుండా ఆ కవితను మనసులో చదువుకోగలిగే చైనీయుడు ఇప్పుడు ఎంతమంది? తొంభై ఐదు అక్షరాల్లో సూ షీ పెట్టిన తటపటాయింపు, పైలోకానికి పోదామా ఇక్కడే ఉందామా అన్న ఊగిసలాట, ఆ వరసలో సాఫీ అయిపోయింది. ఓదార్పు ముందే వచ్చేస్తుంది. ఈ నష్టాన్ని నేను ఒప్పుకుంటాను. ఒక వరస గట్టిగా నాటుకుపోతే రెండోదాన్ని రానివ్వదు. అసలు వరసా అప్పట్లో ఇంతే కర్కశంగా ఉండి ఉంటుంది, ఒకటే వరసలో వందమంది కవులు సర్దుకున్నారు.

తప్పులెన్నడం మొదలుపెట్టాను గనుక మిగతావీ చెప్పేస్తాను. షిన్ చీజీ కవితను ఆమె పాడిన తీరు నాకు నప్పలేదు. జిన్‌ల ఏలుబడిలో పుట్టి, వారి మీద కత్తి పట్టి, 1162లో దక్షిణానికి వచ్చి, పోయిన ఉత్తరాన్ని తిరిగి గెలుద్దామని జీవితమంతా మొత్తుకుని, ఎవరూ వినకపోతే ఊరుకున్న మనిషి అతను. కుర్రతనంలో లేని దుఃఖాన్ని కవిత కోసం కల్పించుకున్నవాడు, నిజంగా వచ్చినప్పుడు మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడతాడు. పెదవి చివర పొడి నవ్వు కావాలి అక్కడ. ఆమె గొంతులో తడి ఎక్కువ. ఆ సోంగ్ కొలువు మనిషి చెప్పిన ఇనుప చిడతలు దీనికి కావలసింది.

ల్యూ యోంగ్ వీడ్కోలు కవిత విషయంలో లోటు ఆమెది కాదు, భాషది. అందులో ప్రాసపదాలన్నీ ఒకప్పుడు పొల్లు తకారం వంటి కోసిన ధ్వనితో ముగిసేవి. వెక్కి ఆగినట్టు ఉండాలి ప్రతి పాదం. మాండరిన్‌లో ఆ పొల్లులు ఎప్పుడో రాలిపోయాయి. ప్రాస కూడా సగం చెదిరిపోయింది. కాంటనీసు మాట్లాడే ఒక సహోద్యోగి చేత ఆ పదాలు చదివించుకుంటే వరసగా టక్కుటక్కున ఆగాయి. ఆల్బం వచ్చిందేమో కాంటనీసు ఊరైన హాంకాంగు నుంచి, పాడిందేమో మాండరిన్‌లో! మార్కెట్టు అటువైపు ఉంది మరి. ఇక లీ చింగ్‌జావ్ కవిత ఒక్కటి కూడా పన్నెండింటిలో లేకపోవడాన్ని నేను క్షమించలేను. త్సి గురించీ ఆడగొంతు గురించీ ఆమెకంటే తెలిసినవారు లేరు.

ఇంత దూరం వెళ్ళి నేను వెతుక్కున్నది చివరికి తిరుమల కొండమీద ఉన్నదే. అన్నమయ్య రాగిరేకుల మీద సంకీర్తన నెత్తిన రాగం పేరు ఉంది, స్వరం లేదు. వరస పేరు మిగిలి వరస పోయిన త్సిలాగే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, ఆ తరువాత నేదునూరివారు, బాలకృష్ణప్రసాద్ కూర్చున్న వరసలే ఇవాళ మనకు అన్నమయ్య. 1979-80లలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన రికార్డులు ఇంటింటికీ వెళ్ళాక, ఇవి అన్నమయ్య వరసలేనా అని అడిగినవారు తక్కువ. ఎవరూ దాన్ని దిగజారుడు అనలేదు. అక్కడ భక్తి ఉంది, గౌరవనీయమైన గొంతు ఉంది. అదే క్షేత్రయ్య పదాల దగ్గరికి వచ్చేసరికి మన స్వరం మారుతుంది. వాటిని శతాబ్దాలపాటు గొంతులో దాచిన కలావంతులను వేదిక దించి, పదాలను మాత్రం శుభ్రంచేసి ఎక్కించుకున్నాం. కవిత్వానికి గౌరవం, పాడినదానికి అనుమానం. నా మిత్రుల వాదన కింద ఉన్నది కూడా ఇదేనేమోనని నా అనుమానం. వారికి అభ్యంతరం వరస మీద కాదు, పాడే మనిషి ఎవరన్నదాని మీద.

ఆల్బం నడుమన ఒక పాట ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కవిత రాసిన న్యే షంగ్‌చ్యోంగ్ సోంగ్ రాజధానిలో పాడి బతికిన గణిక. తొమ్మిదిమంది కవుల్లో నిస్సందేహంగా ఆడమనిషి ఆవిడ ఒక్కతే. ఊరు విడిచిపోతున్న ప్రియుడికి ఈ త్సి రాసి పంపింది. అతను దాన్ని పెట్టె అడుగున దాచి ఇంటికి తీసుకుపోయాడు. భార్య కంటబడింది. ఎలా వచ్చిందని నిలదీస్తే నిజం చెప్పేశాడు. ఆ ఇల్లాలు కవిత చదివి, బాగుందని మెచ్చి, తన పుట్టింటి సొమ్ములు అమ్మి ఆ గాయనిని ఇంటికి తెచ్చుకోమని డబ్బిచ్చిందని కథ. ఇంటికి వచ్చిన తరువాత ఆవిడ ఆభరణాలూ అలంకారాలూ తీసేసి ఇల్లాలికి లోబడి ఉందని కథకులు మెచ్చుకుంటూ ముగిస్తారు. మళ్ళీ పాడిందా లేదా అన్నది ఏ కథకుడూ రాయలేదు.